నింటెండో 64 స్టిక్కుకు గేర్లు, గిన్నెల సెట్: దాదాపు ఒరిజినల్ అంత బాగుంది, ఒక షరతు మీద

నింటెండో 64 అనే పాత వీడియో గేమ్ కన్సోల్ కంట్రోలర్ స్టిక్కు వదులై, వదిలేసినా పక్కకు వాలి ఉంటోందంటే లోపల బోర్డు పోయినట్టు కాదు. ప్లాస్టిక్కు ప్లాస్టిక్కు ఒరుసుకుని అరిగింది, అంతే. ఈ అరుగుదలకు దొరికే మందుల్లో చిన్నది, చవకైనది ఈ సెట్టు: రెండు వంపు గేర్లు, ఒక గిన్నె. మామూలు ప్యాకెట్లో స్టిక్కు ఉండదు, విడిగా కొనుక్కోవాలి.

1996లో వచ్చిన ఈ కంట్రోలర్ స్టిక్కులో పొటెన్షియోమీటర్లు (తిప్పేకొద్దీ విద్యుత్ నిరోధం మారే భాగాలు) లేవు. స్టిక్కు పాదం ఒక గిన్నెలో కూర్చుంటుంది. దాని మీదుగా రెండు వంపు గేర్లు అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి పోతాయి. స్టిక్కు ఆ రెండింటి చీలికల్లోంచి పైకి వస్తుంది. గేరు చివరి పళ్ళు సన్నటి గాట్లున్న ఒక చక్రాన్ని తిప్పుతాయి, ఆ గాట్లలోంచి వెళ్ళే ఇన్ఫ్రారెడ్ కాంతిని సెన్సారు లెక్కపెడుతుంది. కాంతికి అరుగుదల లేదు. అరిగేవి పాదం, గిన్నె, చీలికల అంచులు. మూత తీయగానే కనిపించే తెల్లటి పొడి ఆ మూడింటిదే. 1998 నాటి మారియో పార్టీలో స్టిక్కును అరచేత్తో గిరగిరా తిప్పించే పోటీలు ఎన్ని గిన్నెల్ని మింగేశాయో!

సెట్టు తెప్పించే ముందు కొలత చూడాలి. స్టిక్కు మధ్య నుంచి ఎంత జరిగిందో అంకెల్లో చూపించే టెస్ట్ ప్రోగ్రాంలో మంచి ఒరిజినల్ స్టిక్కు నాలుగు దిక్కులా సుమారు 80 నుంచి 85 వరకు, మూలల్లో 70 దరిదాపుల్లో చూపిస్తుంది. సూపర్ మారియో 64 ఆటలో 8 లోపు విలువకు కదలిక ఉండదు, 70కి పూర్తి వేగం వస్తుంది. అందుకే 60 దగ్గర ఆగిపోయిన స్టిక్కుతో మారియో ఎంత తోసినా పూర్తిగా పరుగెత్తడు. విలువ అన్ని వైపులా తగ్గి, స్టిక్కు కూడా కిందికి దిగినట్టుంటే పాదం, గిన్నె అరిగినట్టు. స్టిక్కు కదిలినా విలువ కాసేపు మారకుండా ఉంటే చీలికలు వెడల్పైనట్టు. ఒక్క దిక్కే తేడాగా ఉంటే మాత్రం ముందు శుభ్రం చేసి చూడండి. గాట్లలో ఇరుక్కున్న పొడి వల్ల కూడా లెక్క తప్పుతుంది.

విప్పడం కష్టమేమీ కాదు. కన్సోల్‌కు కావలసిన ప్రత్యేక బిట్టు దీనికి అక్కర్లేదు, మామూలు ప్లస్ స్క్రూడ్రైవర్ చాలు. వెనక మొత్తం 9 స్క్రూలు. వాటిలో 2 పొట్టివి మెమరీ ప్యాక్ దూర్చే గూటిలో ఉంటాయి. అవి మరిచిపోయి బలవంతంగా లాగితే పెంకు విరుగుతుంది. పాత విడిభాగాలు తీసే ముందు ఫొటో తీసుకోండి, ఎందుకంటే రెండు వంపు గేర్లూ ఒకేలా కనిపించినా ఒకటి పైన, ఒకటి కింద. తారుమారైతే మూత కూర్చోదు. చక్రాల పళ్ళను ఫలానా చోటే కలపాలన్న నియమం లేదు. కంట్రోలర్ ఆన్ చేసినప్పుడు స్టిక్కు ఎక్కడుంటే అదే సున్నా అనుకుంటుంది.

ఇక ఆ షరతు. కొత్త గిన్నెను యథాతథంగా బిగించకూడదు. అచ్చులోంచి వచ్చినప్పుడు మిగిలిన సన్నటి గీత గిన్నెలో ఎక్కడైనా ఉంటే అది ఆకురాయిలా పనిచేసి కొత్త పాదాన్ని వేగంగా తినేస్తుంది. వేలిగోరుతో తడిమి చూడండి, తగిలితే 2000 నంబరు నీటి సాండ్‌పేపర్‌తో తేలిగ్గా రుద్ది, పొడి లేకుండా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. గేరు చీలిక బిగుతుగా ఉంటే స్టిక్కు మధ్యకు రాదు. అంచుల్ని కొద్దికొద్దిగా రుద్దుతూ, ప్రతిసారీ స్టిక్కు పెట్టి చూడాలి. ఎక్కువ రుద్దితే కొత్త గేరు కూడా పాతదానిలాగే వదులవుతుంది. 3డి ప్రింట్ చేసిన గిన్నెలు కూడా అమ్ముతున్నారు. పొరపొరకూ గీత ఉండే గిన్నెలో పాదం ఎన్నాళ్ళుంటుంది? వద్దు.

గ్రీజు ప్లాస్టిక్‌కు హాని చేయని సిలికాన్ రకమే కావాలి, గిన్నెలో ఆవగింజంత, చీలికల అంచులకు అంతకన్నా తక్కువ. ఎక్కువైతే అది గాట్ల చక్రం మీదికి పాకి కాంతికి అడ్డుపడుతుంది, అప్పుడు విలువలు గెంతుతాయి. తుప్పు వదిలించే స్ప్రేలు గ్రీజు కావు.

మెటల్ స్టిక్కు కొనాలా? పాదం నున్నగా పాలిష్ చేసి ఉంటే, కొత్త గిన్నెతో కలిపి వాడితే బాగుంటుంది. పాత గిన్నెలో వేస్తే మాత్రం స్టిక్కు చెక్కుచెదరదు, గిన్నే త్వరగా పోతుంది. స్టిక్కు మార్చేటప్పుడు స్ప్రింగును అదిమి పట్టే చిన్న రింగు ఎగిరిపోతుంది, అందుకని ఆ పని ఒక ప్లాస్టిక్ కవర్ లోపల చేతులు పెట్టి చేయడం మేలు.

గేమ్‌క్యూబ్ (నింటెండో తర్వాతి కన్సోల్) తరహా పూర్తి మాడ్యూల్, అంటే స్టిక్కు భాగం మొత్తం మార్చేయడం, ఇంతకన్నా సులువు, ప్లగ్ తీసి ప్లగ్ పెట్టడమే. అయితే వాటిలో చాలావాటి విలువలు 100 దాటుతాయి. 110 ఇచ్చే మాడ్యూల్‌లో, కదలికకూ విలువకూ మధ్య నిష్పత్తి సమంగా ఉందనుకున్నా, మూడింట రెండొంతులు తోసేసరికే మారియో పూర్తి వేగం అందుకుంటాడు. మెల్లగా నడిపించే చోటు ఇరుకైపోతుంది. గురిపెట్టి కాల్చే ఆటల్లో ఇది ఇంకా చికాకు. పైగా పొటెన్షియోమీటర్లు కొన్నాళ్ళకు తామే అరుగుతాయి. ఒరిజినల్ సెన్సారు బోర్డు పాడైపోయిన కంట్రోలర్‌కే మాడ్యూల్ అర్థవంతం.

మూసేటప్పుడు స్క్రూను మొదట విప్పే దిశలో తిప్పండి. టక్కున పాత మరలో పడ్డాకే బిగించండి, లేకపోతే ప్లాస్టిక్‌లో కొత్త మర కోసుకుంటుంది. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు స్టిక్కు ముట్టుకోవద్దు. పొరపాటున తగిలి బొమ్మ తనంతట తాను నడుస్తుంటే, చేయి తీసేసి ఎల్, ఆర్, స్టార్ట్ బటన్లు మూడూ కలిపి నొక్కితే సున్నా మళ్ళీ మధ్యకు వస్తుంది. ఆ తర్వాత టెస్టులో నాలుగు దిక్కులా 75 పైన వస్తే సెట్టు సరిగా కూర్చున్నట్టే. రాకపోతే గిన్నె అడుగుదాకా దిగిందో లేదో మరోసారి విప్పి చూడండి.