వరదలో తడిసిన పెళ్లి ఫొటో, నాన్నగారి స్మృతి సంచిక: విజయవాడలో ఒక ఫొటో, డిటిపి దుకాణం పనితనం

మా నాన్నగారు 89 ఏళ్లు జీవించి, శోభకృత్ నామ సంవత్సర కార్తీక బహుళ దశమినాడు, 2023 డిసెంబరులో కన్నుమూశారు. సంవత్సరీకానికి వచ్చే బంధువులకూ, నీటిపారుదల శాఖలో ఆయనతో కలిసి పనిచేసినవారిలో మిగిలిన కొద్దిమందికీ ఇవ్వడానికి ఒక చిన్న స్మృతి సంచిక వేయించాలని మేము ముగ్గురు పిల్లలమూ అనుకున్నాము. విజయవాడ ఏలూరు రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక వీధిలోని పాత దుకాణానికి ఆ పని అప్పగించాము. ముందు గదిలో ఫొటో స్టూడియో, వెనుక గదిలో డిటిపి (కంప్యూటరులో అచ్చుకు పేజీలు కూర్చే పని) ఉంటాయి. ఫొటోల పని డెబ్బై దాటిన యజమానిది, పేజీలు కట్టేది ఆయన కోడలు, ముద్రణ మాత్రం బయటి ఆఫ్‌సెట్ ప్రెస్సులో చేయిస్తారు. జరిగిన పొరపాట్లను కూడా ఇక్కడ చెబుతున్నాను కనుక దుకాణం పేరు రాయడం లేదు.

మొదట మేము అనుకున్నది పుస్తకం ఒక్కటే. కానీ 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్‌లోని మా ఇంట్లోకి నీళ్లు వచ్చాయి. అమ్మను పడవలో బయటికి తెచ్చుకోగలిగాము గాని, నాన్నగారి ట్రంకు పెట్టెను తెచ్చుకోలేకపోయాము. నీళ్లు తీశాక వెళ్లి చూస్తే, 1958 నాటి పెళ్లి ఫొటో ఫ్రేములోనే గాజుకు అతుక్కుపోయి ఉంది. ఏడాదికొకటి చొప్పున ఆయన రాసుకున్న పద్దు పుస్తకాలు బురదనీటిలో నాని ఉబ్బిపోయాయి. 1957లో, ప్రకాశం బ్యారేజీ పూర్తయిన ఏడాదే, ఉద్యోగంలో చేరి 1992 వరకు కృష్ణా కాలువల మీద పనిచేసిన మనిషి రాతలు ఇలా నీటి పాలయ్యాయని అమ్మ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

ఫొటోను ముందుగా వేరొక చోటికి తీసుకువెళ్లాము. వారు గాజు నుంచి ఊడదీయబోగా ఒక మూల పొర లేచిపోయింది, వెంటనే ఆపించి తెచ్చేసుకున్నాము. ఈ దుకాణం పెద్దాయన దాన్ని చూడగానే చేతులు వెనక్కి తీసుకున్నారు. పాత నలుపు తెలుపు ఫొటో కాగితం మీద జిలటిన్ పూత ఉంటుందనీ, అది తడిసి ఆరినప్పుడు జిగురులా గాజును పట్టేస్తుందనీ, లాగితే బొమ్మ గాజుతోపాటే వచ్చేస్తుందనీ వివరించారు. గాజును పైనుంచి మెత్తని గుడ్డతో తుడిచి, రెండు వైపులా దీపాలు ఏటవాలుగా పెట్టి, మెరుపు పడకుండా గాజులోంచే కెమెరాతో ఫొటో తీశారు. పద్దు పుస్తకాలను ఎండలో పెట్టవద్దనీ, నాలుగైదు ఆకులకొక అద్దుడు కాగితం పెట్టి నీడలో ఫ్యాను కింద ఆరబెట్టాలనీ చెప్పినందుకు డబ్బు తీసుకోలేదు. ఆయన మాట విన్నందువల్ల 31 పుస్తకాలు చదవగలిగే స్థితిలో మిగిలాయి. సిరాతో రాసిన పేజీలు చాలావరకు చెరిగిపోయాయి గాని, పెన్సిలుతో రాసిన తొలినాళ్ల లెక్కలు ఉన్నవి ఉన్నట్టు నిలిచాయి.

అయితే బాగుచేసిన ఫొటో మొదటిసారి వచ్చినప్పుడు మేము నిరాశపడ్డాము. దుకాణంలోని కుర్రవాడెవరో కంప్యూటరులో ముఖాలను ‘శుభ్రం’ చేసేశారు. మచ్చలతోపాటు నాన్నగారి ఎడమ కనుబొమ మీది గాటు పోయింది, చెంపలు పాలరాయిలా నునుపెక్కాయి, కళ్లలోకి ఎవరివో మెరుపులు వచ్చాయి. అమ్మ ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, “ఈయన ఎవరు బాబూ?” అని అడిగింది. పెద్దాయన వాదించలేదు. “తప్పు మాదేనమ్మగారూ, ముఖం జోలికి పోకూడదు” అని, అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, ఏది ఫంగసు మచ్చ, ఏది నిజమైన గాటు, ఏది బాసికం నీడ అని ఒక్కొక్కటీ అడిగి, మధ్యాహ్నమంతా మళ్లీ పనిచేశారు. ఆ రెండోసారి పనికి అదనంగా ఒక్క రూపాయి అడగలేదు. ఇప్పుడు మా గోడ మీద ఉన్న ఫొటోలో కుడివైపు ఒక చార మిగిలే ఉంది. దాన్ని తీయాలంటే అమ్మ చేతి గాజులను ఊహించి గీయవలసి వస్తుందని ఆయన వదిలేశారు. ఆ నిర్ణయం సరైనదని నా అభిప్రాయం.

పుస్తకం విషయంలో నేను ఎక్కువగా చెప్పవలసింది ఆయన కోడలి గురించి. స్మృతి సంచికలంటే సాధారణంగా మొదట దేవుడి బొమ్మ, తరువాత జీవిత విశేషాలు, ఆ తరువాత బంధువుల సంతాపాలు వరుసగా వస్తాయి. మేము ఇచ్చినదీ అదే. పద్దు పుస్తకాల నుంచి రెండు మూడు పేజీలు నమూనాకు వేస్తే చాలుననుకున్నాము. ఆమె స్కాను చేస్తూ చేస్తూ, “అన్ని పుస్తకాల్లోనూ శుక్రవారం నాడు ‘పూలు’ అని ఉందండీ, మీరు చూశారా?” అని ఫోను చేశారు. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన మేము చూడలేదు. 1961లో ‘పూలు 0-10’ అని ఉంది. 2009లో అమ్మకు పక్షవాతం వచ్చిన వారంలో, ఆసుపత్రి ఖర్చుల కింద, మందుల పేర్ల మధ్యన కూడా ఉంది. ఆ తరువాత పద్నాలుగేళ్లు రోజూ పొద్దున అమ్మకు తల దువ్వి జడ వేసింది ఆయనే కనుక, ఆ పూలు పెట్టిందీ ఆయనే. చివరి పుస్తకంలో, 2023 నవంబరులో, వణికిన అక్షరాలతో ‘పూలు 40-00’ అని ఉంది. కోడలు ఆ పద్దులను సంవత్సరాల వరుసలో నడి పేజీలలో పేర్చారు, వాటికి వ్యాఖ్య ఏమీ రాయలేదు.

అలాగే 1977 పుస్తకంలో నవంబరు 19 నుంచి పన్నెండు రోజులు ఖాళీగా ఉన్నాయి. దివిసీమ ఉప్పెన వచ్చిన ఆ రోజున ఆయన అవనిగడ్డలో ఉద్యోగంలో ఉన్నారు, మేము విజయవాడలో ఉన్నాము. ఆ ఖాళీ పేజీని తీసేయమని మా అన్నయ్య అన్నాడు. ఆమె మాత్రం దాన్ని ఉంచి, దాని ఎదుట ఆయన తిరిగి వచ్చిన రోజు పేజీ, ‘అమ్మాయికి చెప్పులు’ అన్న మొదటి పద్దుతో సహా, వేద్దామన్నారు. ఆ అమ్మాయిని నేనే. ఆ చెప్పులు నాకు గుర్తున్నాయి గాని, అవి ఏ రోజు కొన్నవో ఈ పేజీ చూసేదాకా నాకు తెలియదు.

ఇక లోపాలు. మేము యూనికోడ్‌లో పంపిన వ్యాసాలను ‘అను’ ఫాంట్లలోకి (అచ్చుపనికి వాడే, యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు) మార్చేటప్పుడు, ఒత్తు మీద ఒత్తు వచ్చిన చోట్ల అక్షరాలు చెడిపోయాయి. మూడుసార్లు ప్రూఫులు దిద్దవలసి వచ్చింది, అయినా ఒక తప్పు అచ్చులో మిగిలింది. డెమ్మీ 1/8 సైజులో 48 పేజీలు, మధ్యలో 8 పేజీల ఆర్టు పేపరు, సెంటర్ పిన్నింగ్ (మధ్య మడతలో పిన్నులు కొట్టడం) కనుక పుస్తకం చక్కగా తెరుచుకుంటుంది గాని, పదిపదిహేను ప్రతులలో పిన్నులు వదులుగా ఉండి నడి పేజీలు జారిపోయాయి. చెప్పగానే మార్చి ఇచ్చారు. చెప్పిన తేదీకి నాలుగు రోజులు ఆలస్యమైంది. 250 ప్రతులకు ఒక్కొక్కటి 110 రూపాయల చొప్పున 27,500, ఫొటోల పనికి వేరుగా 1,600 తీసుకున్నారు. ఇంతకంటే తక్కువకు చేసేవారు ఉన్నారు. నాకు మాత్రం ఈ ధర ఎక్కువనిపించలేదు.

ఆబ్దికం తరువాత వారం రోజులకు పెద్దాయన స్వయంగా ఇంటికి వచ్చి, అసలు ఫొటోను గాజుతో సహా అట్టపెట్టెలో పెట్టి అమ్మ చేతికి ఇచ్చి వెళ్లారు. తడిసిన ఫొటోలు ఉన్నవారు ఎవరి దగ్గరికి వెళ్లినా, వాటిని గాజు నుంచి ఊడదీయకుండా, ఫ్రేముతోనే తీసుకువెళ్లండి.