ఫోక్ గిటార్‌కి 11-52 తీగలు: డాడారియో ఇజె26 ఎలా ఉందంటే

శ్రీకాకుళంలో గిటార్ తీగలంటే షాపుకెళ్లి "ఒక సెట్ ఇవ్వండి" అనడమే మనకి అలవాటు, వాళ్లు కూడా ఏ గిటార్‌కి అని అడక్కుండా చేతికందింది ఇచ్చేస్తారు, ఒక్కోసారి అది ఎలక్ట్రిక్ గిటార్ సెట్ కూడా అయి ఉంటది. కనుక్కోవడం ఈజీనే, కవర్ విప్పనిస్తే సన్న తీగ వైపు నుంచి 3వ తీగ చూడండి. అకూస్టిక్, అంటే మన ఫోక్ గిటార్ సెట్‌లో దాని మీద సన్న తీగ చుట్టి ఉంటది, ఎలక్ట్రిక్‌లో మామూలుగా నున్నగా ఉంటది.

బ్రాండ్ గొడవ తర్వాత, ముందు గేజ్ చూడాలి, అంటే మందం. 11-52 అంటే అన్నిటికన్నా సన్నది అంగుళంలో వెయ్యోవంతులు 11, లావుది 52. కొత్తగా నేర్చుకునేవాళ్లకి 10-47 వేసుకోమంటారు, వేళ్లు నొప్పెట్టవు నిజమే గానీ పక్కన డప్పు మోగిందంటే మన గిటార్ ఉందో లేదో కూడా తెలీదు. 12-53 వేస్తే మంచి గట్టిగా పలుకుద్ది, కానీ ఆరు తీగలూ కలిపి సుమారు 70 కిలోల లాగుడు, చవక గిటార్ నెక్ మీద అంత బరువు నేనైతే పెట్టను, పైగా ఒకే వేలితో తీగలన్నీ అదిమే బారే కార్డ్ పట్టాలంటే చెయ్యి పీకేస్తది. పాట పాడుకుంటూ స్ట్రమ్మింగ్ చేసే మనలాంటోళ్లకి 11-52 సరిగ్గా సరిపోద్ది. డాడారియో కంపెనీ ఇజె26 సెట్ ఆ గేజే, అందులో నాకు బాగా నచ్చింది లావు తీగ, జముకుల కథలో జముకు మోగినట్టు గుమ్మంటది, జానపదాలకి అదే కావాలి.

ఇంక లోహం సంగతి. 80/20 బ్రాంజ్ అని అమ్మేది రాగి 80, జింకు 20, పేరుకే బ్రాంజ్ గానీ నిజానికి ఇత్తడి, మన బుడితి చెంబుల జాతే అన్నమాట. ఖంగుమంటది, నాకు పాట మీద ఎక్కి కూర్చున్నట్టు ఉంటది. ఇజె26 ఫాస్ఫర్ బ్రాంజ్, రాగిలో తగరం, కొంచెం ఫాస్ఫరస్. ఈ ఫాస్ఫర్ బ్రాంజ్ తీగల్ని డాడారియో వాళ్లు 1974లో తెచ్చారు. సౌండ్ కాస్త వెచ్చగా ఉంటది, గొంతుకి అడ్డం రాదు. తీగల చివర గుండ్లకి రంగులుంటాయి కాబట్టి ఏది ఎక్కడ వెయ్యాలో తికమక ఉండదు.

మైనస్ ఏటంటే దీనికి కోటింగ్ లేదు. మనకసలే సముద్రం గాలి, ఉక్కపోత, చేతి చెమట, వాయించి తుడవకుండా వదిలేస్తే తొందరగానే నల్లబడి సౌండ్ చచ్చిపోద్ది. ఎలిక్సిర్ లాంటి కోటింగ్ తీగలు చాలా కాలం వస్తాయి గానీ రేటు దాదాపు రెట్టింపు. వారానికోసారి గిటార్ తీసేవాళ్లు అవే కొనుక్కోండి, ఊరికే పడున్నా తుప్పు తొందరగా పట్టదు. రోజూ వాయించేవాళ్లకి మాత్రం ఇవి చాలు, ఎలాగూ మారుస్తూనే ఉంటారు కదా. ఎక్కించిన మొదట్లో శ్రుతి దిగిపోతా ఉంటది, తీగని కొంచెం పైకి లాగి మళ్లీ ట్యూన్ చేసుకుంటే సర్దుకుంటది, దానికి తీగ బాలేదని రిటర్న్ పెట్టేయకండి.

నా రేటింగ్ 4/5. ఒక్కటి, మీది నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ అయితే ఇవి వద్దే వద్దు, ఆ లాగుడికి తీగలు కట్టే బ్రిడ్జి ఊడొచ్చేస్తది.