టైమ్ లిమిట్ ముందు సీ ప్లస్ ప్లస్సా, పైథానా?

కోడింగ్ పోటీల సైట్ కోడ్‌ఫోర్సెస్‌లో చాలా ప్రశ్నలకు ఒకటి రెండు సెకన్ల సమయం, 256 ఎంబీ మెమరీ ఇస్తారు. ఏ భాషలో రాసినా అదే పరిమితి. కాబట్టి ముందు లెక్క వేసుకోండి.

వేగం: సీ ప్లస్ ప్లస్ సెకనుకు సుమారు 10 కోట్ల చిన్న ఆపరేషన్లు లాగేస్తుంది. మామూలు పైథాన్‌కు కోటి దాటితేనే ఆయాసం.

మెమరీ: అసలు తేడా ఇక్కడుంది. కోటి వేర్వేరు పూర్ణాంకాలు దాచాలనుకోండి. సీ ప్లస్ ప్లస్‌లో ఒక్కోటి 4 బైట్లు, మొత్తం 40 ఎంబీ. పైథాన్ లిస్టులో ఒక్కో గడికి 8 బైట్ల చిరునామా, అది చూపే సంఖ్యకు మరో 28. మొత్తం 360 ఎంబీ! లాజిక్ సరైనదే, అయినా మెమరీ పరిమితి దాటి మీ కోడ్ తిరస్కరణకు గురవుతుంది. ఇది తెలియక మంచి ఆలోచనను తప్పనుకుని చెరిపేసే పిల్లలను చూస్తే మనసు చివుక్కుమంటుంది.

శ్రమ: రాయడం పైథాన్‌లోనే తేలిక, సందేహం లేదు.

రిస్క్: లక్షను లక్షతో గుణిస్తే వెయ్యి కోట్లు. సీ ప్లస్ ప్లస్‌లో ఇంట్ అనే మామూలు పూర్ణాంక రకం 214 కోట్ల దగ్గరే ఆగిపోతుంది, పెద్ద సంఖ్యలు పట్టే లాంగ్ లాంగ్ రకం మరిచారో తప్పు జవాబే. పైథాన్‌కు ఆ బెడద లేదు గానీ, మనం పెంచకపోతే రికర్షన్ (ఫంక్షన్ తనను తానే పిలవడం) 1000 లోతు దగ్గర ఆగుతుంది.

ఎన్ (ఇన్‌పుట్ పరిమాణం) వెయ్యి లోపుంటే, పెద్ద సంఖ్యల లెక్కలైతే పైథాన్ తీసుకోండి. ఎన్ రెండు లక్షలుండి లూపులు ఎక్కువైతే అదే కోడ్‌ను పైపైలో (పైథాన్‌ను వేగంగా నడిపే మరో రూపం) పంపి చూడండి. గ్రాఫులు, సెగ్మెంట్ ట్రీల వంటి డేటా స్ట్రక్చర్లు, కాలేజీ జట్ల ప్రపంచ కోడింగ్ పోటీ ఐసీపీసీ లక్ష్యమైతే మాత్రం ఈరోజే సీ ప్లస్ ప్లస్ మొదలుపెట్టండి.