క్యోటోలో రెండు పాత కాఫీ షాపులు, ఒక పొడవాటి బల్ల

నోట్లో కాఫీ పడందే అమ్మకి తెల్లవారదు. అందుకే క్యోటో ప్రయాణంలో గుళ్ళతో పాటు పాత కాఫీ షాపులకీ సమయం ఉంచాను. జపాన్‌లో వీటిని కిస్సాటెన్ అంటారు. మాటకి అర్థం టీ తాగే దుకాణమే అయినా, అందరూ వెళ్ళేది ఎక్కువగా కాఫీకే.

ముందు బస సంగతి. పాత చెక్క ఇంటిని సత్రంగా మార్చిన చోట దిగాం. చాపల గది, నేల మీద పరుపులు, అంతా శుభ్రం. కానీ మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉన్నాయి. ఆ సంగతి బుకింగ్ అప్పుడు ఎవరూ చెప్పలేదు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మ దిగేటప్పుడల్లా నాకు టెన్షనే. పెద్దవాళ్ళతో వెళ్తే కింద గది ఉందా అని ముందే అడగండి.

మొదట వెళ్ళింది ఫ్రాన్సువాకి. షిజో వీధికి దగ్గర్లో, తకాసే కాలువ పక్కన ఉంటుంది. 1934లో పెట్టారు, ఫ్రెంచ్ చిత్రకారుడు జాన్ ఫ్రాన్సువా మిలే పేరే దీని పేరు. 1941లో లోపలంతా విలాస నౌకలోని హాలులా మార్చారు. తెల్లటి గుమ్మటం లాంటి కప్పు, రంగు అద్దాల కిటికీలు, ఎర్రటి కుర్చీలు ఇప్పటికీ ఉన్నాయి. నన్ను ఎక్కువగా కదిలించింది మాత్రం దీని చరిత్ర. యుద్ధానికి ముందు, ఫాసిజాన్ని వ్యతిరేకించే ‘దోయోబి’ అనే పత్రిక ఇక్కడి కస్టమర్ల చేతికి అందేది. యుద్ధకాలంలో విదేశీ పేరు కుదరదంటే షాపు పేరే మార్చుకోవాల్సి వచ్చింది. అంత మెత్తటి కుర్చీలో కూర్చుని ఆ సంగతులు తలుచుకుంటే గొంతు పట్టేసింది.

కూర్చోగానే మంచినీళ్ళు, చేతులు తుడుచుకునే తడి తువాలు వచ్చాయి. కాఫీ మీద చిక్కటి క్రీమ్. చైన్ షాపుల కంటే ఖరీదే, కానీ ఆ మర్యాదకి ఇవ్వొచ్చు. బయట క్యూ కనిపిస్తుంటే మాత్రం నాకు నిమ్మళంగా కూర్చోబుద్ధి కాలేదు. మధ్యాహ్నం కాకుండా పొద్దున్నే వెళ్ళండి.

రెండోది షిన్‌షిన్‌డో, క్యోటో యూనివర్సిటీ ఉత్తర ద్వారం ఎదురుగా ఉంటుంది. సిటీ బస్సు టికెట్ 230 యెన్లే, కానీ నిలబడే చోటు కూడా దొరకలేదు. కెయిహాన్ రైలులో దెమాచియానగి దాకా వెళ్ళి నడిచాం, అదే హాయి.

ఈ షాపు 1930 నాటిది. పారిస్‌లో విద్యార్థులు కాఫీ షాపుల్లో కూర్చుని చదువుకోవడం చూసి వచ్చిన మనిషి, అలాంటి చోటు ఇక్కడా ఉండాలని పెట్టాడు. గోడలకి, గాజు తలుపులకి వయసు తెలుస్తూనే ఉంది. కానీ చూడవలసింది బల్లలు. పొడవాటి, బరువైన ఓక్ బల్లలు, వాటికి తగ్గ బెంచీలు. చేసింది కురోదా తత్సుఅకి. అప్పటికి ఆయన వయసు ముప్పై లోపే. 1970లో జపాన్ ప్రభుత్వం ఆయన్ని చెక్క పనిలో ‘జీవించివున్న జాతీయ సంపద’గా గుర్తించింది. వేరే చోటైతే ఇలాంటి బల్ల చుట్టూ తాడు కట్టి, ముట్టుకోవద్దని బోర్డు పెడతారు. ఇక్కడ దాని మీద ఒక కుర్రాడు లెక్కలు చేసుకుంటున్నాడు. పక్కనే ఒక పెద్దాయన తన పేపరు మడిచి మాకు చోటిచ్చారు.

బ్రెడ్‌తో ఇచ్చే కూర ఇక్కడ ప్రసిద్ధి, శాకాహారులకి మాత్రం పనికిరాదు. అమ్మ టోస్టు తీసుకుంది. కాఫీలో పాలు కలిపే ఇచ్చారు. వారం రోజుల తర్వాత మొదటిసారి ఆమె మొహం విప్పారింది. లోపల ఫోటోలు తీయకూడదు, మంగళవారం సెలవు. ఎవరూ తొందరపెట్టలేదు, రెండోసారి మంచినీళ్ళు కూడా అడగకుండానే పోశారు.

ఒక్కచోటికే వెళ్ళే వీలుంటే షిన్‌షిన్‌డోకే వెళ్ళమంటాను. ఫ్రాన్సువాలో అందాన్ని చూస్తాం, ఇక్కడ దాని మీద మోచేతులు ఆనించి కూర్చుంటాం.

అమ్మ చాలాసేపు బల్ల అంచు నిమురుతూ ఉండిపోయింది. ఇల్లు పంచుకున్నప్పుడు తాతగారి భోషాణాన్ని అందరూ వద్దంటే పాత సామాన్ల వాడికి ఇచ్చేశాం. “దీన్ని రోజూ తుడుస్తారేమో కదూ?” అంది. సరిగ్గా అప్పుడే షాపు అమ్మాయి గుడ్డతో వచ్చి, ఎదురుగా ఖాళీ అయిన చోటు తుడవడం మొదలుపెట్టింది.