అనంతపురం సోమవారం అర్జీల సేవ: కింది ఉద్యోగికి ఒక లెక్క, పై అధికారికి ఇంకో లెక్క

ప్రతి సోమవారం అనంతపురం కలెక్టరేట్‌లోని రెవెన్యూ భవన్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికను ప్రభుత్వం ప్రజలకు అందించే సేవగానే చూసి ఈ సమీక్ష రాస్తున్నాను. 2019లో ఇది స్పందన. 2024 నుంచి ఇప్పటి పేరుతో నడుస్తోంది. పేరు ఏదైనా పద్ధతి పెద్దగా మారలేదు: అర్జీ నమోదు చేస్తారు, నంబరుతో రసీదు ఇస్తారు, జిల్లా అధికారులు వరుసగా కూర్చుని వింటారు, ఆ తర్వాత 1100కు ఫోన్ చేసి అర్జీ ఎంతవరకు వచ్చిందో కనుక్కోవచ్చు.

పింఛను, రేషన్ కార్డు, పాసుపుస్తకంలో తప్పులు, దారి తగాదాలు వంటి వాటికి ఈ సేవ నిజంగా ఉపయోగపడుతుంది. రాయదుర్గం, కళ్యాణదుర్గం వైపు నుంచి తొలి బస్సెక్కి వచ్చే ముసలివాళ్లు ఎవరి సిఫారసూ లేకుండా నేరుగా కలెక్టరు ఎదుట నిలబడి తమ మాట చెప్పుకోగలగడం చిన్న విషయం కాదు. నమోదు దగ్గర సిబ్బంది మర్యాదగానే మాట్లాడతారు. ఈ భాగానికి నేను పూర్తి మార్కులు ఇస్తాను.

అయితే అర్జీ ఒక అధికారి నడవడి మీద అయినప్పుడు సంగతి వేరు. మా ప్రాంతంలో ఒక చెరువు కట్ట మరమ్మతుకు బిల్లు చెల్లించారు. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టి ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) నకలు తీసుకుంటే, కట్ట లోపలివైపు ఈ చివర నుంచి ఆ చివరకు రాతి రివిట్‌మెంట్ (మట్టి కోసుకుపోకుండా పేర్చే రాయి) వేసినట్టు కొలతలు రాసి ఉన్నాయి. కట్ట మీద నడిచి చూస్తే తూము దాకానే రాయి ఉంది. అవతలంతా సర్కారు తుమ్మ కంప, వానకు కోసుకుపోయిన మట్టి. కొలతలు రాసినవారి సంతకం, వాటిని సరిచూసినట్టు పెట్టిన సంతకం, బిల్లు పాస్ చేసిన పై అధికారి సంతకం ఒకదాని కింద ఒకటి వరుసగా ఉన్నాయి. ఆ నకలు జతచేసి అర్జీ ఇచ్చాను. కొన్నాళ్లకు ఆ శాఖ నుంచి సమాధానం వచ్చింది: వర్క్ ఇన్‌స్పెక్టర్‌ను సస్పెండ్ చేశారు, సంబంధిత సిబ్బందిపై చర్యలు తీసుకున్నారు, కాబట్టి అర్జీ పరిష్కారమైంది. ఎం-బుక్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్ సంతకమే లేదు. బిల్లు పాస్ చేసిన అధికారి గురించి ఆ కాగితంలో ఒక్క ముక్క లేదు. ఆయన అప్పటికే బదిలీ మీద మరో చోట ఇంకా పెద్ద పనులు చూస్తున్నారు.

ఈ తేడా ఒక్క శాఖలోనిదే అయితే ఇంత రాయవలసిన అవసరం ఉండేది కాదు, ఇది నిబంధనల్లోనే ఉంది. కింది ఉద్యోగిని స్థానిక అధికారి ఒక్క ఉత్తర్వుతో సస్పెండ్ చేయగలరు. ఐఏఎస్ అధికారిని తొలగించాలంటే మాత్రం 1969 నాటి అఖిల భారత సర్వీసుల నిబంధనల ప్రకారం కేంద్ర ప్రభుత్వమే ఉత్తర్వు ఇవ్వాలి. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేర్చిన 17ఏ సెక్షన్ ఇంకా లోతైన తేడా పెట్టింది. అధికార హోదాలో తీసుకున్న నిర్ణయం మీద, చేసిన సిఫారసు మీద విచారణ మొదలుపెట్టాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి ఉండాలి. లంచం పుచ్చుకుంటూ అక్కడికక్కడే దొరికితే ఆ అనుమతి అక్కర్లేదు. సెక్షన్ ఏ హోదానూ పేరు పెట్టి చెప్పకపోయినా, ఫినాఫ్తలీన్ అనే రసాయనం పూసిన నోట్లు పట్టుకుని ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) వాళ్ల ముందు సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లలో వేళ్లు ముంచి, ఆ నీళ్లు గులాబీ రంగుకు తిరగ్గా దొరికిపోయేది ఎక్కువగా సర్వేయరో, గుమాస్తానో. పెద్ద నష్టం జరిగేది ఫైలు మీద సంతకంతో, దానికి మాత్రం ముందస్తు అనుమతి కావాలి.

నిజాయితీగా నిర్ణయం తీసుకునే అధికారికి రక్షణ అక్కర్లేదని నేను అనడం లేదు. తప్పుడు ఫిర్యాదులతో వేధించేవారు మన జిల్లాలోనూ ఉన్నారు. కానీ ఆ రక్షణ హోదాను బట్టి ఉండరాదని 2014 మే నెలలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనమే తేల్చింది. జాయింట్ సెక్రటరీ, ఆపై స్థాయి అధికారులపై సీబీఐ విచారణకు ముందస్తు అనుమతి కోరే, ఢిల్లీ స్పెషల్ పోలీస్ ఎస్టాబ్లిష్‌మెంట్ చట్టంలోని 6ఏ సెక్షన్ సమానత్వ హక్కుకు విరుద్ధమని కొట్టివేసింది. పెద్ద హోదాలో ఉన్నవారికి శిక్ష పడనే పడదనడం కూడా సరికాదు. మన జిల్లాలోని ఓబుళాపురం గనుల వ్యవహారంలో అప్పటి గనుల శాఖ డైరెక్టరుకు సీబీఐ కోర్టు జైలు శిక్ష విధించింది. 2009లో నమోదైన ఆ కేసులో తీర్పు వెలువడింది 2025లో, అదీ కింది కోర్టు తీర్పు మాత్రమే. వర్క్ ఇన్‌స్పెక్టర్‌కు సస్పెన్షన్ ఉత్తర్వు చేతికి రావడానికి కొన్ని వారాలు చాలాయి.

చట్టాన్ని మార్చడం కలెక్టరేట్ పని కాదు గనుక, ఈ సేవలో వెంటనే చేయగలిగినవే అడుగుతున్నాను. ఒక అధికారి మీద వచ్చిన అర్జీని ఆయన కార్యాలయానికే పంపకుండా కనీసం ఒక మెట్టు పైవారికి పంపాలి. ‘సంబంధిత సిబ్బంది’ అని సరిపెట్టకుండా, కాగితం మీద సంతకం చేసిన ప్రతి ఒక్కరి విషయంలో ఏం చేశారో హోదాతో సహా రాయాలి. అధికారి బదిలీ అయితే అర్జీ ఆయన వెంట వెళ్లాలి. అర్జీదారు ఒప్పుకోకుండా ‘పరిష్కారమైంది’ అని మూసివేయరాదు.

నా రేటింగ్ అయిదుకు మూడు. పింఛనుకో, పాసుపుస్తకానికో అయితే నిశ్చింతగా వెళ్లండి. పై అధికారి మీద అర్జీ అయితే ఎం-బుక్ వంటి రికార్డు నకళ్లు ముందే తీసుకుని, తేదీ ముద్ర పడిన రసీదు భద్రంగా దాచుకోండి. లంచం అడిగిన సంగతైతే సోమవారం దాకా ఆగకుండా నేరుగా ఏసీబీ 1064కు ఫోన్ చేయండి.