హేస్టాక్ రాక్, ఆరెగన్: పఫిన్ కనపడాలంటే

అమెరికా పడమటి తీరంలో, కానన్ బీచ్ ఇసుకలోంచి 235 అడుగులు లేచిన ఈ నల్లరాతి కొండ ఆరెగన్ ఐలాండ్స్ వన్యప్రాణి ఆశ్రయంలో భాగం. పోర్ట్‌లాండ్ నుంచి కారులో దాదాపు గంటన్నర. టికెట్టు లేదు.

టఫ్టెడ్ పఫిన్‌లనే సముద్రపు పక్షులు ఏప్రిల్‌లో వస్తాయి, వేసవి చివరికల్లా నడిసముద్రానికి వెళ్లిపోతాయి. మే నుంచి జులై దాకా, అదీ పొద్దున్నే, మంచి సమయం. ఉత్తరం వైపు గడ్డివాలు మీదే చూపు నిలపండి, బొరియలు అక్కడే ఉంటాయి. తెల్లపొట్టతో నిటారుగా నిలబడే మర్ పక్షుల్ని చూసి పఫిన్‌లనుకుని తిరిగొచ్చేవాళ్లే ఎక్కువ. పఫిన్‌కి పొట్ట కూడా నలుపే. ముఖం తెలుపు, ముక్కు నారింజ రంగు.

ఫోన్ కెమెరాకి అవి చుక్కల్లాగే పడతాయి. ఎనిమిది రెట్ల బైనాక్యులర్స్ ఉండాలి. సీజన్‌లో ఆటు వేళ వాలంటీర్లు టెలిస్కోపులు పెట్టి ఉచితంగా చూపిస్తారు. ఇక్కడి గొప్ప సేవ ఇదే. నీరు పూర్తిగా తగ్గడానికి గంట ముందే చేరుకోండి. నాచు రాళ్ల మీద కాలు పెట్టకండి: మీరు జారతారు, వాటిని అంటుకున్న ప్రాణులు నలుగుతాయి. కొండ ఎక్కడం నిషేధం. పొగమంచు కమ్మితే మాత్రం కొండ పైభాగమే కనపడదు, ఇంకో రోజు పెట్టుకోండి.