బందరు అద్దకం దారి: పెడన, డచ్చి సమాధులు, కోట

ఐరోపా వారు సముద్రాలు దాటి మన దేశానికి వచ్చింది మిరియాల కోసమని బడిలో చదువుకున్నాము. మలబారు తీరానికి ఆ జవాబు చాలును గాని మన తీరానికి చాలదు. జాజికాయ, లవంగాలు పండే తూర్పు దీవులలో ఆ సరుకుకు మారుగా జనం కోరింది కోరమాండల్, అంటే మన తూర్పు తీరపు గుడ్డను. దాని కోసమే డచ్చి కంపెనీ 1605లో బందరు (మచిలీపట్నం)లోను, మరుసటి ఏడు నిజాంపట్నంలోను, గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో వర్తక స్థావరాలు పెట్టుకుంది. 1611లో ఇంగ్లీషు వారు, 1669లో ఫ్రెంచి వారు బందరు చేరారు. ఆ చోట్లను తీరికగా చూడాలని మొన్న జనవరిలో నేను, మా ఆవిడ రెండు రోజులు అక్కడ గడిపాము.

విజయవాడ 70 కిలోమీటర్లే కనుక చాలామంది అక్కడ బస చేసి, కారులో వచ్చి వెళ్తుంటారు. అద్దకం పని పొద్దున్నే మొదలవుతుంది కాబట్టి బందరులో ఉండడమే మేలని నా అభిప్రాయం. కోనేరు సెంటరు దగ్గర ఒక లాడ్జీలో దిగాము. ఆన్‌లైన్‌లో చూపిన గది ఒకటి, ఇచ్చినది మరొకటి. గట్టిగా అడిగితే మార్చారు. శుభ్రతకు మాత్రం వంక పెట్టలేము. ఊరు చూడడానికి రోజంతటికీ ఒక ఆటో మాట్లాడుకున్నాము. నడిపిన పెద్దాయన దారిలో ఫరాసుపేట, వలందపాలెం, ఇంగ్లీషుపాలెం అని పేటల పేర్లు చెబుతూ వచ్చారు. ఫరాసులంటే ఫ్రెంచి వారు, వలందులంటే డచ్చి వారు. ముగ్గురు వర్తకుల పోటీ నేటికీ ఊరి చిరునామాలలో ఉంది.

ఈ ప్రయాణంలో ఎక్కువ సమయం ఇవ్వవలసినది బందరుకు దగ్గరలోని అద్దకం ఊరు పెడనకే. మేము వెళ్లిన కార్ఖానాలో, కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెట్టిన గుడ్డను బల్లపై పరిచి, ఒకాయన టేకు అచ్చును బెల్లం, తుప్పు ఇనుము ఊరబెట్టిన నీళ్లలో అద్ది గుడ్డపై పెట్టి పిడికిలితో ఒక దెబ్బ వేశారు. అచ్చు తీయగానే పలచగా కనబడిన గీత మేము చూస్తుండగానే నల్లబడింది. ఎరుపు కావలసిన చోట పటిక అద్ది, తరువాత గుడ్డను రంగు నీటిలో మరిగిస్తారు. పటిక ఉన్న మేరకే ఎరుపు నిలుస్తుంది. పూర్వం ఆ ఎరుపు చిరివేరు అనే మొక్క వేరు నుంచి వచ్చేది. ఎన్ని ఉతుకులకైనా పోని ఈ రంగు ఆనాడు ఐరోపాను అబ్బురపరిచింది. అక్కడి నేతగాళ్లు గగ్గోలు పెట్టగా, ఇంగ్లండు పార్లమెంటు 1700లో మన అద్దకం గుడ్డల దిగుమతిని నిషేధించి, 1721లో అచ్చు నూలుబట్టలు కట్టడాన్ని కూడా నిషేధించింది. ఆ తరువాతి శతాబ్దంలో వారి మిల్లు బట్టే మన సంతలను ముంచెత్తింది. పెడన పనివారి ఓర్పు చూశాక ఈ సంగతి నాకు మరింత బాధ కలిగించింది.

డచ్చి సమాధుల ఆవరణకు గంటసేపు చాలు. నల్లరాతి పలకలపై వంశచిహ్నాలు, అక్షరాలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. వాటి పనితనం మెచ్చుకుంటూనే, 1621లో జాజికాయ గుత్తాధిపత్యం కోసం ఇదే కంపెనీ, జాజికాయ పండే ఆ తూర్పు దీవులలోని బాండా దీవుల ప్రజలలో అత్యధికులను చంపి, చెరపట్టి, వెళ్లగొట్టిందన్నది మరువలేకపోయాను. బందరు నుంచి వెళ్లిన గుడ్డ చేరింది ఆ సముద్రాలకే.

బందరు కోట దగ్గర వివరాలు చెప్పే మనిషి దొరకలేదు, నీళ్లు కూడా దొరకలేదు. చదువుకుని వెళ్లని వారికి అవి మొండి గోడలే. 1759లో కర్నల్ ఫోర్డ్ దీనిని ఫ్రెంచి వారి నుంచి పట్టుకున్నాకనే ఉత్తర సర్కారులపై (నేటి కోస్తా ఆంధ్ర జిల్లాలపై) ఇంగ్లీషు వారి పట్టు మొదలైంది, 1766లో నిజాముతో ఒడంబడికతో అది ఖాయమైంది. దుకాణం పెట్టుకోవడానికి వచ్చినవారు శిస్తు వసూలుకు దిగిన మలుపు ఇదే కనుక, అసౌకర్యం ఉన్నా కోటను వదలవద్దని చెబుతాను. 1864 తుపానులో సుమారు 30,000 మంది పోయాక బందరు రేవు మళ్లీ పూర్వపు స్థితికి రాలేదు.

మంగినపూడి బీచికి సాయంత్రం ఒక గంట చాలు. తిరుగు ప్రయాణం ఉదయం పెట్టుకుంటే పెడనలో మరోసారి ఆగి దుప్పట్లు కొనుక్కోవచ్చు. వానాకాలంలో గుడ్డ ఆరక అద్దకం పని తరచు ఆగిపోతుంది కనుక డిసెంబరు, ఫిబ్రవరి నెలల మధ్య వెళ్లడం మంచిది.